పెళ్ళివారికి గదులిచ్చే హోటల్ యజమానులకు ఒక మేనత్త బహిరంగ లేఖ

గౌరవనీయులైన హోటళ్ళు, లాడ్జీల యజమానుల సంఘాల పెద్దలకు నమస్కారం.

ఈ ఫాల్గుణ మాసంలో రాజమహేంద్రవరంలో మా అన్నయ్య కూతురి పెళ్ళి జరిగింది. దేవుడి దయవల్ల పెళ్ళి ఏ ఆటంకమూ లేకుండా అయింది. ఈ ఉత్తరం పెళ్ళి గురించి కాదు, పెళ్ళికి వచ్చిన చుట్టాలకు మీలో ఒకరు ఇచ్చిన విడిది గురించి. ఆ హోటల్ పేరు రాయడం లేదు. ఒక్క హోటల్‌ని బజారున పెట్టడం నా ఉద్దేశం కాదు. ఏటా పెళ్ళిళ్ళకు తిరిగే మా బంధువుల్లో ఎవరిని కదిపినా ఇలాంటి సంగతే చెబుతారు, ఊరు మాత్రం మారుతుంది. అందుకే ఒక యజమానికి కాకుండా మీ అందరికీ రాస్తున్నాను.

చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. పెళ్ళివాళ్ళు గొడవ పెట్టుకోరు అన్న ధీమా మీ వ్యాపారంలో బాగా పాతుకుపోయింది. మామూలు రోజుల్లో వచ్చే మనిషి తన డబ్బుతో తను గది తీసుకుంటాడు. ఏసీ పనిచెయ్యకపోతే కౌంటర్ దగ్గర నిలబడి గది మార్చమంటాడు, మార్చకపోతే పక్క హోటల్‌కి పోతాడు. పెళ్ళిలో అలా కుదరదు. డబ్బు కట్టేది ఆడపిల్ల తండ్రి, గదిలో ఉండేది చుట్టాలు. చుట్టం నోరు విప్పితే ఆ మాట హోటల్‌కి తగలదు, పిలిచిన ఇంటికి తగులుతుంది. "ఇంత దూరం రప్పించి ఇలాంటి చోట దింపాడు" అన్నట్టవుతుంది. అందుకని మనవాళ్ళు అనుకున్నవాళ్ళు నోరు మూసుకుని సర్దుకుంటారు. మగపెళ్ళివారిలో ఒకరిద్దరు సర్దుకోలేక పిల్ల తండ్రినే నిలదీస్తారు. ఎటు తిరిగినా మాటపడేది ఆయన. హోటల్ వైపు ఎవరూ వేలెత్తి చూపించరు. ఈ సంగతి మీ రిసెప్షన్‌లో కూర్చునే కుర్రవాడికి కూడా తెలుసు. తెలుసని ఎలా చెబుతున్నానంటే, నేను గదిలో నీళ్ళు రావడం లేదని చెప్పినప్పుడు అతను తలెత్తకుండానే ఇచ్చిన జవాబు ఇది: "రూములన్నీ పార్టీ పేరు మీద ఉన్నాయి మేడం. ఏదన్నా ఉంటే పార్టీతో మాట్లాడుకోండి."

ఆ పార్టీ మా అన్నయ్య. ఆ సమయానికి ఆయన పీటల మీద కూర్చోవడానికి పంచె కట్టుకుంటున్నాడు.

గదులు మాట్లాడటానికి అన్నయ్య పెళ్ళికి చాలా ముందే కోనసీమ నుంచి వెళ్ళి చూసుకొచ్చాడు. మూఢం వదిలాక వచ్చే మొదటి ముహూర్తాలు కాబట్టి ఊళ్ళో ఫంక్షన్ హాళ్ళన్నీ ఒకే తేదీకి నిండిపోయాయి. అలాంటప్పుడు గది దొరకడమే గొప్ప అనుకునే పరిస్థితి. ఆయనకు చూపించిన గది రోడ్డువైపు ఉంది, కొత్త పరుపు, గోడకు కొత్త రంగు, బాత్‌రూంలో అన్నీ సరిగా ఉన్నాయి. "అన్నీ ఇలాంటివే సార్" అన్నారు. మాట మీద నమ్మి సగం డబ్బు నగదుగా కట్టేసి వచ్చాడు. అద్దె మామూలు రోజుల కంటే రెట్టింపు పైనే. పెళ్ళిళ్ళ రోజుల్లో అద్దె పెరుగుతుందని నాకూ తెలుసు. బంతిపూలకు పెరుగుతుంది, మేళగాళ్ళకు పెరుగుతుంది, వంటవాళ్ళకు పెరుగుతుంది. కానీ పూలవాడు ఆ రోజు ఎక్కువ తీసుకుని వాడిపోయిన పూలు ఇవ్వడు, ఇస్తే మండపంలోనే తెలిసిపోతుంది. మీరు మాత్రం రెట్టింపు తీసుకున్న రోజునే ఏడాదంతా తాళం వేసి ఉంచిన వెనకవైపు గదులు తెరిచి ఇస్తున్నారు. ఆ పెద్ద హోటల్ మొత్తానికి ఆ రాత్రి పనిచేసిన కుర్రాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

బిల్లు సంగతి కూడా ఇక్కడే చెబుతాను. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయల వరకు అద్దె ఉన్న గదుల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. అంటే మామూలు కుటుంబాలు తీసుకునే గదులన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. అన్నయ్య బిల్లు అడిగితే, "బిల్లు కావాలంటే ట్యాక్స్ పడుతుంది, వద్దంటే ఇంతే" అని తెల్లకాగితం మీద గదుల సంఖ్య, మొత్తం రాసి ఇచ్చారు. దాని మీద హోటల్ ముద్ర లేదు, జీఎస్టీ నంబరు లేదు, ఏ గదులు ఇస్తారో లేదు, గీజర్, జనరేటర్ లాంటి వాటి ఊసే లేదు. పన్ను ఎగ్గొట్టడం ఒక తప్పు. దానికంటే నాకు ఎక్కువ బాధ కలిగించింది ఏమిటంటే, రేపు ఏదన్నా తేడా వస్తే అడగడానికి ఆ పిల్ల తండ్రి చేతిలో ఒక్క ఆధారం కూడా లేకుండా చెయ్యడం.

పెళ్ళి చుట్టాలు ఎలా వస్తారో మీకు కొత్తగా చెప్పాలా? హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్ళు రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కి తెల్లవారుజామున దిగుతారు. బెంగళూరు నుంచి వచ్చేవాళ్ళు బస్సు దిగి వస్తారు. చంటిపిల్లలుంటారు, షుగర్ ఉన్నవాళ్ళుంటారు, మోకాళ్ళ ఆపరేషన్ అయినవాళ్ళుంటారు. విశాఖపట్నం నుంచి వచ్చిన మా మేనత్తకు డెబ్భై దాటాయి, రెండు మోకాళ్ళూ ఆపరేషన్ అయ్యాయి. తెల్లవారకముందే మేం అక్కడికి చేరితే, చెకిన్ పన్నెండు గంటలకని రిసెప్షన్‌లోనే కూర్చోబెట్టారు. గదులు ఖాళీగా లేకపోతే ఒక పద్ధతి. తాళంచెవులు వరసగా కొక్కేలకు వేలాడుతూ మాకు కనిపిస్తూనే ఉన్నాయి. ఇప్పుడు ఇవ్వాలంటే ఇంకో రోజు అద్దె పడుతుందన్నారు. అత్తయ్యను బాత్‌రూంకి తీసుకెళ్ళడానికి కూడా బతిమాలుకోవలసి వచ్చింది. పెద్దావిడ అలా కింద కూర్చుని ఉంటే దారినపోయే ప్రతి చుట్టమూ "ఏమ్మా, ఇంకా గది ఇవ్వలేదా?" అని అడగడం, ఆవిడ "ఇస్తారులే" అని నవ్వడం. తమ్ముడి కొడుకు చేసే పెళ్ళిలో ఆవిడ అంతకంటే ఏమనగలదు?

పన్నెండు గంటల చెకిన్, పన్నెండు గంటల చెకౌట్ అన్నది ఉద్యోగం పని మీద ఊళ్ళు తిరిగేవాళ్ళకు సరిపోతుందేమో. మన పెళ్ళిళ్ళకు అది పొసగదు. మా పిల్ల ముహూర్తం రాత్రి రెండు దాటాక. చుట్టాలు ఆ రోజు తెల్లవారుజామున దిగుతారు, పగలు నడుం వాలుస్తారు, రాత్రంతా పెళ్ళిలో ఉంటారు, తెల్లారి అప్పగింతలయ్యాక ఇంత తిని బయలుదేరతారు. పట్టుమని ఒక రోజు. దానికి రెండు రోజుల అద్దె పడుతోంది. తిరుమలలో దేవస్థానం గది ఇచ్చిన గంట నుంచి ఇరవై నాలుగు గంటలు లెక్కేస్తుంది. రైల్వే రిటైరింగ్ రూములు పన్నెండు గంటల వ్యవధికి కూడా ఇస్తారు. అక్కడ సాధ్యమైనది మీ దగ్గర ఎందుకు కాదు? ముహూర్తం ఎప్పుడో బుకింగ్ రోజునే మీకు తెలుసు, శుభలేఖ కూడా మీ బల్ల మీద ఉంటుంది.

గది గురించి ఎక్కువ రాయాలని లేదు, కానీ ఆడవాళ్ళ వైపు నుంచి కొన్ని చెప్పాలి. తలుపు తియ్యగానే ముక్కిపోయిన వాసన కొట్టింది. దుప్పటి ఉతికిందే, కాకపోతే దిండు గలీబు మీద ఎవరివో పొడుగాటి తలవెంట్రుకలు రెండు అతుక్కుని ఉన్నాయి. బాత్‌రూం తలుపుకు గొళ్ళెం ఊడిపోయి స్క్రూ పెట్టిన కన్నాలు మాత్రం మిగిలాయి. ఎవరో ఆ కన్నంలో కాగితం కుక్కారు. లోపల ఒకరు స్నానం చేస్తుంటే బయట ఒకరు తలుపు పట్టుకుని నిలబడాలి. బట్టలు తగిలించుకోవడానికి కొక్కెం లేదు. పట్టుచీర భుజాన వేసుకుని తడినేల మీద నిలబడి స్నానం చెయ్యమంటారా? నిలువుటద్దం లేదు, ముఖం మాత్రం కనిపించే అద్దం ఒకటి బాత్‌రూంలో ఉంది, దానిపైన దీపం వెలగదు. ఒక్కో గదిలో నలుగురైదుగురు ఆడవాళ్ళు కుచ్చిళ్ళు పెట్టుకోవాలి, జడలు వేసుకోవాలి, పిల్లలకు పరికిణీలు కట్టాలి. ఇస్త్రీపెట్టె ఎక్కించడానికి ప్లగ్ ఒక్కటే ఉంటే దానికి ఫోన్లన్నీ క్యూ కట్టాయి. పెళ్ళివారికి గదులిచ్చి సంపాదించే హోటల్‌లో ఒక గొళ్ళెం, నాలుగు కొక్కేలు, ఒక నిలువుటద్దం, గోడకు ఇంకో రెండు ప్లగ్గులు ఎంత ఖర్చు? ఆ ఒక్క రాత్రి ఒక్క గదికి తీసుకున్న అద్దెలో ఇవన్నీ వచ్చేస్తాయి.

వేడినీళ్ళ దగ్గరకు వస్తాను. గీజర్ స్విచ్ మీద టేపు అంటించి ఉంది. వేడినీళ్ళు పొద్దున ఆరు నుంచి తొమ్మిది వరకేనట. రాత్రి రెండు గంటల ముహూర్తానికి వెళ్ళేవాళ్ళు ఎప్పుడు స్నానం చేస్తారు? రాత్రి తొమ్మిదికో పదికో చేస్తారు. చన్నీళ్ళు మా బోటివాళ్ళం పోసుకుంటాం, అత్తయ్య పోసుకోలేదు. నేను కిందికి పైకి తిరుగుతుంటే చూసి, రూమ్‌బాయ్ ఒకతను బకెట్ తీసుకుని బయటికి వెళ్ళాడు. పక్కనే ఉన్న ఫంక్షన్ హాలు వెనక మా వంటవాళ్ళు పెట్టిన గాడిపొయ్యి మీద నీళ్ళు కాగబెట్టించుకుని, మూడో అంతస్తుకు మెట్ల మీదుగా మోసుకొచ్చాడు. సోంపేట వైపు పిల్లాడు. ఇరవై ఏళ్ళుంటాయో లేదో. డబ్బులిస్తే వద్దన్నాడు, "మామ్మగారికి కదమ్మా" అన్నాడు. అంతకుముందు రాత్రి కూడా పెళ్ళే ఉందట, నిద్ర లేక కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఈ ఉత్తరం చదివి మీరు ఎవరి మీదైనా చర్య తీసుకోవాలనుకుంటే ఇలాంటి పిల్లల జోలికి మాత్రం వెళ్ళకండి. ముగ్గురి పని ఒక్కడితో చేయించడం మానండి. నా కంప్లయింట్‌లో అది కూడా ఒక భాగం.

ఇక అన్నయ్య సంగతి. కన్యాదానం చేసే దంపతులు ఆ రోజు ఉపవాసం ఉంటారు. పొద్దుటి నుంచి ఆయన పచ్చి మంచినీళ్ళు తప్ప ముట్టలేదు. రాత్రి పదకొండు దాటాక మగపెళ్ళివారి తాలూకు పెద్దమనిషి ఒకాయన ఫోన్ చేసి, "బావగారూ, ఏసీ ఆగిపోయింది, కిందికి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తట్లేదు, పిల్లలు ఉక్కపోతకు ఏడుస్తున్నారు" అన్నారు. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు, మర్యాదగానే అన్నారు. అన్నయ్య మండపంలో నుంచి లేచి, పట్టుపంచె మీదే, పసుపు చేతులతో హోటల్‌కి నడిచి వెళ్ళాడు. నేను వెనకాలే వెళ్ళాను. కౌంటర్‌లో ఎవరూ లేరు. బెల్ కొట్టగా కొట్టగా లోపలి నుంచి ఒకతను లేచి వచ్చి, లోడ్ ఎక్కువై ఫేజ్ పోయిందనీ ఎలక్ట్రీషియన్ పొద్దున వస్తాడనీ చెప్పాడు. జనరేటర్ వెయ్యమంటే అది లైట్లకూ లిఫ్ట్‌కూ మాత్రమేనన్నాడు. యజమాని నంబరు అడిగితే లేదన్నాడు. కూతురి కాళ్ళకు పారాణి పెట్టే వేళకు పక్కన ఉండాల్సిన మనిషి, ఖాళీ కడుపుతో, ఆ కౌంటర్ అంచు పట్టుకుని "కనీసం రెండు టేబుల్ ఫ్యాన్లైనా చూడు బాబూ, నీ పేరు చెప్పుకుంటాను" అని అడిగాడు. మా అన్నయ్య ఎవరి దగ్గరా చెయ్యి చాచే మనిషి కాదు. పొలం మీద బతికిన మనిషి, మాట పట్టింపు ఉన్న మనిషి. డబ్బు మొత్తం కట్టేసిన చోట ఆయన అలా అడుక్కోవడం నేను చూశాను. ఈ ఉత్తరం రాయడానికి మిగతావన్నీ కలిపి ఒక కారణమైతే ఇదొక్కటీ ఒక కారణం.

తలంబ్రాలయ్యాక పిల్లలు తూగుతుంటే కొందరం ఆడవాళ్ళం నాలుగు గంటల వేళ హోటల్‌కి తిరిగొచ్చాం. షట్టర్ దింపేసి లోపల తాళం వేసి ఉంది. మెడల్లో ఉన్నవన్నీ పెళ్ళికని లాకర్ నుంచి తెచ్చుకున్న నగలు. నిద్రపోతున్న పిల్లల్ని భుజాన వేసుకుని, ఆ నగలతో, చీకట్లో నడిరోడ్డు మీద తలుపు కొడుతూ నిలబడ్డాం. వాచ్‌మన్ లేచేసరికి చాలాసేపే పట్టింది. ఏమీ జరగలేదు, నిజమే. ఊళ్ళో అన్ని హోటళ్ళలోనూ పెళ్ళివాళ్ళే ఉన్న రాత్రి, ముహూర్తం రెండు గంటలకని తెలిసిన రాత్రి, షట్టర్ దింపి పడుకోవాలని ఎవరికి ఎలా తోచిందో నాకిప్పటికీ అర్థం కావడం లేదు.

పైన రాసినవన్నీ సర్దుకోగలిగినవే అని ఎవరైనా అంటే వాదించను. ఇప్పుడు రాయబోయేది సర్దుకోగలిగింది కాదు. లిఫ్ట్ ఆగిపోయినప్పుడు అత్తయ్యను దింపడానికి వెనకవైపు మెట్లు దగ్గరవుతాయేమోనని వెళ్ళి చూశాను. ప్రతి అంతస్తులోనూ గోడ మీద ఆకుపచ్చ బాణం గుర్తు ఉంది. ఆ బాణం చూపించిన తలుపుకు గొలుసు వేసి తాళం పెట్టారు. తలుపు అద్దంలోంచి చూస్తే మెట్ల మీద పైకప్పు దాకా పాత పరుపులు, విరిగిన ప్లాస్టిక్ కుర్చీలు, పెయింట్ డబ్బాలు. ఫోటోలు తీసుకున్నాను. అడిగితే, "దొంగతనాలు జరుగుతాయని తాళం వేస్తాం మేడం" అన్నారు.

2019 ఫిబ్రవరి 12న ఢిల్లీ కరోల్ బాగ్‌లో ఒక హోటల్‌కి తెల్లవారకముందే నిప్పంటుకుని 17 మంది చనిపోయారు. వాళ్ళలో కేరళ నుంచి వచ్చిన ఒక కుటుంబంలోని ముగ్గురున్నారు. ఘజియాబాద్‌లో బంధువుల పెళ్ళికి వచ్చి ఆ హోటల్‌లో దిగినవాళ్ళు. 2020 ఆగస్టు 9న మన విజయవాడలో కోవిడ్ కేంద్రంగా వాడుతున్న హోటల్‌లో తెల్లవారుజామున మంటలు లేచి 10 మంది పోయారు. 2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాద్‌లో, కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం, పైన లాడ్జి ఉన్న భవనంలో 8 మంది చనిపోయారు. ఇలాంటి చోట్ల మనుషుల్ని చంపేది ఎక్కువగా మంట కాదు, పొగ. పొగ కమ్మినప్పుడు ఊరు కొత్త, భవనం కొత్త, కరెంటు ఉండదు, బాణం గుర్తు చూసి పరుగెత్తుతారు. ఆ బాణం తాళం వేసిన తలుపు దగ్గరకు తీసుకెళితే? లోడ్ ఎక్కువై ఫేజ్ పోయిన రాత్రి, ప్రతి గదిలో ఇస్త్రీపెట్టెలు నడుస్తున్న రాత్రి, ఒక్కో గదిలో లెక్కకు మించి మనుషులు పడుకున్న రాత్రి అది. బయటికి వెళ్ళే దారులకు ఏ అడ్డూ ఉండకూడదని నేషనల్ బిల్డింగ్ కోడ్ చెబుతోంది. మీ భవనానికి అగ్నిమాపక శాఖ కాగితం ఇచ్చిన రోజున ఆ మెట్లు ఖాళీగానే ఉండి ఉంటాయి. తర్వాత సామాన్లు పెట్టింది మీరే.

ఇంకో చిన్న విషయం. ప్రతి చుట్టం దగ్గరా ఆధార్ ఫోటో వాట్సాప్‌లో పంపమన్నారు, అదీ రిసెప్షన్ కుర్రవాడి సొంత ఫోన్‌కి. పెళ్ళికొచ్చిన ఆడపిల్లలందరి ఫోటో, పుట్టినతేదీ, ఇంటి చిరునామా, ఫోన్ నంబరు ఇప్పుడు ఒక తెలియని మనిషి ఫోన్‌లో ఉన్నాయి. గుర్తింపు చూపించడానికి ఎవరికీ అభ్యంతరం లేదు. ఆధార్‌లో మొదటి ఎనిమిది అంకెలు కనపడకుండా మాస్క్‌డ్ కాపీ తీసుకునే వీలు ఆధార్ సంస్థే ఇచ్చింది. అది తీసుకోండి, హోటల్ రిజిస్టర్‌లోనో హోటల్ కంప్యూటర్‌లోనో ఉంచండి.

"పార్టీతో మాట్లాడుకోండి" అన్న మాటకు చట్టం ఏమంటుందో మీ సభ్యులందరికీ తెలియజెయ్యమని కోరుతున్నాను. 2020 జులై 20 నుంచి అమల్లోకి వచ్చిన 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం డబ్బు కట్టినవాడు మాత్రమే వినియోగదారుడు కాడు. అతని అనుమతితో ఆ సేవ అందుకున్నవాళ్ళు కూడా వినియోగదారులే. అంటే పెళ్ళికి పిలిచి గది చూపిస్తే ఆ గదిలో దిగిన మా మేనత్త కూడా మీ మీద సొంతంగా ఫిర్యాదు చెయ్యవచ్చు, పార్టీ అక్కర్లేదు. ఆవిడ రాజమహేంద్రవరం రానక్కర్లేదు కూడా, తన ఊళ్ళోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేసుకోవచ్చు. కట్టిన సొమ్ము 5 లక్షల లోపు అయితే కోర్టు ఫీజు లేదు, రెండేళ్ళ దాకా గడువుంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడి ఫిర్యాదు నమోదు చేసుకుంటారు. ఇది చదివే చుట్టాలకూ ఒక మాట: పిలిచినవాళ్ళ పరువు పోతుందని ఊరుకోవద్దు. ఫిర్యాదు మీ పేరు మీద హోటల్‌ మీద వెయ్యండి, పెళ్ళివారిని అందులోకి లాగనక్కర్లేదు. మా అన్నయ్య కూడా మొదట "ఎందుకమ్మా, అయిపోయింది కదా" అన్నాడు. చట్టం చూపించాక ఇక అడ్డు చెప్పలేదు.

మీ వృత్తిలో అందరూ ఇలాగే ఉంటారని నేను అనడం లేదు. కొన్నేళ్ళ క్రితం పాలకొల్లు వైపు ఒక పెళ్ళికి వెళ్ళినప్పుడు మాకు దొరికింది లిఫ్ట్ కూడా లేని చిన్న లాడ్జి. యజమాని పెళ్ళివారి జాబితా ముందే అడిగి తీసుకుని, పెద్దవాళ్ళకు కింది గదులు తనే రాసిపెట్టాడు. ఆ రాత్రి ఇంటికి పోకుండా కౌంటర్‌లోనే కూర్చున్నాడు. మేం తెల్లవారుజామున తిరిగొచ్చేసరికి తలుపు తీసే ఉంది. పరుపులు పాతవే, అద్దె తక్కువే. ఇప్పటికీ ఆ ఊరి పెళ్ళి అంటే మా వాళ్ళు ఆ లాడ్జి కోసమే అడుగుతారు. కాబట్టి ఇది డబ్బుతో అయ్యే పనో, పెద్ద భవనంతో అయ్యే పనో కాదని మీకు నేను చెప్పనక్కర్లేదు.

మీ సంఘాలు తలచుకుంటే చెయ్యగలిగినవే అడుగుతున్నాను. పెళ్ళి బుకింగ్‌కి ఒక ముద్రించిన ఒప్పంద పత్రం పెట్టండి. ఏ గదులో నంబర్లతో సహా రాయండి, చూపించిన గదినే ఇవ్వండి, జీఎస్టీ బిల్లు అడగకుండానే ఇవ్వండి. ముహూర్తం వేళ అందులో రాసుకుని, వేడినీళ్ళూ తలుపు తియ్యడమూ దాని ప్రకారం చూసుకోండి. గది ఇచ్చిన గంట నుంచి ఇరవై నాలుగు గంటలు లెక్కెయ్యండి. పెళ్ళి రాత్రి మేనేజర్ స్థాయి మనిషి ఒకరు మెలకువగా ఉండాలి, అతని నంబరు ప్రతి గదిలో అంటించాలి, చుట్టం ఫోన్ చేస్తే అతనే పలకాలి. ఆ రాత్రికి అదనంగా ఒక ఎలక్ట్రీషియన్, ఇద్దరు కుర్రాళ్ళు. రెట్టింపు అద్దెలో వాళ్ళ జీతం ఎంత?

మునిసిపల్ కమిషనర్లకు, అగ్నిమాపక అధికారులకు కూడా ఈ ఉత్తరం పంపుతున్నాను. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. అప్పుడు ఈ హోటళ్ళన్నీ ఇంతకు ఎన్నో రెట్లు జనంతో నిండుతాయి. ఘాట్లకు, రోడ్లకు చేస్తున్న ఏర్పాట్లతో పాటు హోటళ్ళ వెనక మెట్లు కూడా ఎక్కి చూడమని ప్రార్థిస్తున్నాను. తనిఖీకి వెళితే ముందు ఫోన్ చేసి వెళ్ళకండి. మంచి ముహూర్తం ఉన్న రోజు చూసుకుని, రాత్రి పన్నెండు తర్వాత వెళ్ళండి.

వైశాఖ మాసంలో ముహూర్తాలు మళ్ళీ మొదలవుతాయి. ఒప్పంద పత్రాలకు, నిలువుటద్దాలకు మీకు కొంత సమయం పట్టవచ్చు, ఒప్పుకుంటాను. మెట్ల మీద సామాను తియ్యడానికి, ఆ తలుపు గొలుసు విప్పడానికి ఒక్క పూట చాలు. అది ఈ వారంలోనే చెయ్యండి. నేను దిగిన హోటల్ యజమానికి ఫోటోలతో, తెల్లకాగితం నకలుతో విడిగా రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం పంపాను. ఆయన దగ్గర నుంచీ మీ దగ్గర నుంచీ రాతపూర్వకంగా జవాబు కోరుతున్నాను. పదిహేను రోజుల్లో రాకపోతే మా మేనత్త పేరు మీద విశాఖపట్నం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేస్తాం. కాగితాలు సిద్ధం చేసి ఉంచాం.

ఇట్లు,
పెళ్ళికూతురి మేనత్త,
హైదరాబాద్